జూన్‌లో తేలిపోయే ఎన్నిక

(న్యూజెర్సీలోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం పూట, పిల్లల క్లాసులు, ఇంటి పనులు పక్కనపెట్టి ఇంతమంది వచ్చారు. సంతోషం.

నన్ను మాట్లాడమన్న విషయం కాంగ్రెస్ ప్రైమరీలు. కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, మన పార్లమెంటు లాంటి ఇక్కడి చట్టసభ. అందులోనూ ఒక్క సీటుకి ఎనిమిది మంది, పది మంది బరిలోకి దిగే ప్రైమరీలు. ఆ గుంపులో పేపర్లవాళ్లు పెద్దగా పట్టించుకోని, పార్టీ పెద్దలు లెక్కలోకి తీసుకోని అభ్యర్థి ఒకరు ఎప్పుడూ ఉంటారు. అలాంటివాళ్లు మన గుళ్లకీ, మన ఉగాది సభలకీ కూడా వస్తుంటారు. వచ్చి సాయం అడిగితే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట, "గెలుస్తాడంటావా?" అని. గెలిచే గుర్రం వెనకే నిలబడాలన్నది మనకి ఊళ్లోనే అలవాటైపోయింది. కానీ ఈ దేశంలో ప్రైమరీ దగ్గర ఆ ప్రశ్న మనకి చాలా నష్టం చేస్తోంది. ఎందుకో చెబుతాను.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి ముందు రెండు ముక్కలు. మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికన్నది పార్టీ ఆఫీసులో తేలుతుంది. అధిష్టానం పిలిచి బీ-ఫారం చేతిలో పెడితే అభ్యర్థి, లేకపోతే రెబెల్. ఇక్కడ ఆ బీ-ఫారం ఇచ్చేది ఓటరు. ఒకే పార్టీవాళ్లు తమలో తాము పోటీపడి, ప్రజల ఓట్లతో టికెట్ తెచ్చుకునే ఎన్నికే ప్రైమరీ. నవంబరులో జరిగేది రెండో ఎన్నిక. చాలా డిస్ట్రిక్టుల్లో, అంటే నియోజకవర్గాల్లో, ఏదో ఒక పార్టీ ఎంత బలంగా ఉంటుందంటే, దాని టికెట్ తెచ్చుకున్నవాళ్లే గెలుస్తారని నవంబరు రాకముందే అందరికీ తెలుసు. అలాంటి చోట అసలు ఎన్నిక జూన్‌లోనే అయిపోతుంది. మనవాళ్లు మాత్రం నవంబరులో లైన్లో నిలబడి, "నేను ఓటేశాను" స్టిక్కర్ అంటించుకుని ఫోటో దిగుతారు. అదీ మంచిదే. కానీ అప్పటికే పెళ్లికొడుకు ఖాయమైపోయాడు.

ఇప్పుడు మన ఇంటి పక్క కథే చెబుతాను. 2014. న్యూజెర్సీ 12వ డిస్ట్రిక్ట్. ట్రెంటన్, ప్రిన్స్‌టన్, ప్లెయిన్స్‌బరో, సౌత్ బ్రన్స్‌విక్, అటు ప్లెయిన్‌ఫీల్డ్. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు రష్ హోల్ట్ ఇక పోటీ చేయనని తప్పుకున్నారు. ఖాళీ సీటంటే మాటలా? డెమొక్రాట్ల టికెట్ కోసం నలుగురు దిగారు. అసెంబ్లీలో సీనియర్ నాయకురాలు బానీ వాట్సన్ కోల్మన్. స్టేట్ సెనేటర్ లిండా గ్రీన్‌స్టీన్. మన నెల్లూరులో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజినీరింగ్ చదివి, ఇక్కడ ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌కి మేయరై, 2002 నుంచి అసెంబ్లీలో కూర్చున్న ఉపేంద్ర చివుకుల గారు. నాలుగో ఆయన ఆండ్రూ జ్వికర్, ప్రిన్స్‌టన్ ప్లాస్మా ఫిజిక్స్ ల్యాబ్‌లో శాస్త్రవేత్త. అంతకుముందు ఏ పదవీ లేదు, ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) పార్టీ అండా లేదు.

చివుకుల గారిని అనామకుడనడానికి లేదు. న్యూజెర్సీ శాసనసభకి ఎన్నికైన మొదటి భారతీయ అమెరికన్ ఆయనే. సోలార్ కరెంటు మీద ఈ రాష్ట్రం చేసిన చట్టాల్లో ఆయన చేయి ఉంది. 2012లో పక్కనున్న 7వ డిస్ట్రిక్ట్‌లో డెమొక్రాట్ల తరఫున నిలబడి లియొనార్డ్ లాన్స్ చేతిలో ఓడిపోయారు. అయినా 2014లో మళ్లీ దిగినప్పుడు ఆయన గెలుస్తారని అనుకున్నవాళ్లు తక్కువ. దానికి కారణం ఆయన కాదు. కారణం బ్యాలెట్ కాగితం మీద ఉంది.

అప్పటి న్యూజెర్సీ ప్రైమరీ బ్యాలెట్ చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది? పెద్ద కాగితం, గళ్లు గళ్లుగా ఉండేది. కౌంటీ పార్టీ ఎవరిని బలపరిస్తే వాళ్లందరి పేర్లూ ఒకే నిలువు వరసలో వచ్చేవి. పైన సెనేట్‌కో గవర్నరుకో పోటీచేసే పెద్ద పేరు, దాని కింద కాంగ్రెస్ అభ్యర్థి, దాని కింద కౌంటీ పదవులు, అట్టడుగున ఊరి కౌన్సిల్. ఆ వరసనే 'కౌంటీ లైన్' అనేవాళ్లు. ఓటరు పైన తెలిసిన పేరు చూసి నొక్కి, అదే వరసలో చకచకా కిందికి దిగిపోయేవాడు. లైన్ దొరకని అభ్యర్థి పేరు ఎక్కడో కుడిచేతి చివర, ఒక్కోసారి చుట్టూ ఖాళీ గళ్ల మధ్య ఒంటరిగా కనబడేది. ఆ పేరుని వెతుక్కుంటూ వెళ్లి ఓటేయాలంటే ఇంటి దగ్గరే నిశ్చయించుకుని రావాలి. దీన్నే ఇక్కడ 'బ్యాలెట్ సైబీరియా' అనేవాళ్లు. 21 కౌంటీల్లో 19 కౌంటీలు ఇదే పద్ధతిలో నడిచాయి.

12వ డిస్ట్రిక్ట్ నాలుగు కౌంటీల మీదుగా పోతుంది. మెర్సర్ లైన్ వాట్సన్ కోల్మన్‌కి వచ్చింది. అది ఆవిడ సొంత గడ్డ, తండ్రి కూడా అక్కడినుంచే అసెంబ్లీకి వెళ్లినాయన. మిడిల్‌సెక్స్ లైన్ గ్రీన్‌స్టీన్‌కి. చివుకుల గారికి సోమర్సెట్ దక్కింది. కానీ ఆ డిస్ట్రిక్ట్‌లో సోమర్సెట్ వాటా చాలా చిన్నది. జ్వికర్‌కి ఏదీ లేదు.

జూన్ 3న ఓట్లు లెక్కపెట్టారు. వాట్సన్ కోల్మన్‌కి 15,600 చిల్లర, గ్రీన్‌స్టీన్‌కి సుమారు 10,000, చివుకుల గారికి 7,900 దగ్గర, జ్వికర్‌కి 2,700 దగ్గర. అంటే 43 శాతం, 28 శాతం, 22 శాతం, 7 శాతం. వాట్సన్ కోల్మన్ నవంబరులో సునాయాసంగా గెలిచారు. న్యూజెర్సీ నుంచి కాంగ్రెస్‌కి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడ. ఆ గెలుపుకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

కానీ ఆ అంకెల్ని ఇంకోసారి చూడండి. ఏడు లక్షల పైచిలుకు జనం ఉన్న డిస్ట్రిక్ట్. టికెట్ తేల్చడానికి పోలైన ఓట్లు నలుగురివీ కలిపి 36,000. మొదటి స్థానానికీ చివుకుల గారికీ తేడా 7,700. ప్లెయిన్స్‌బరోలో, వెస్ట్ విండ్సర్‌లో, సౌత్ బ్రన్స్‌విక్‌లో ఏ వీధిలోకి వెళ్లినా మన ఇళ్లే. ఆ తేడా పూడ్చడానికి సరిపడే మనుషులు ఉన్నారా లేదా మీరే చెప్పండి. వాళ్లలో చాలామందికి అప్పటికి సిటిజన్‌షిప్ రాలేదు, నిజమే. ఎడిసన్‌లో ఉన్న మనవాళ్లు 6వ డిస్ట్రిక్ట్‌లో పడ్డారు, వాళ్లకి ఆయనకి ఓటేసే వీలే లేదు. అదీ నిజమే. అవి పోగా మిగిలినవాళ్ల సంగతే నేను మాట్లాడుతున్నది.

ఇంటింటి ప్రచారానికి వెళ్లేటప్పుడు వాలంటీర్ చేతికి ఒక లిస్టు ఇస్తారు. ఇప్పుడైతే ఫోన్లో యాప్. నేను కాగితం లిస్టులు పట్టుకుని తిరిగిన రోజులు కూడా ఉన్నాయి. అందులో ఇంటి నంబరు, పేరు, వయసు, పార్టీ, పక్కన గత ప్రైమరీల్లో ఓటేశారా లేదా అన్న గుర్తులు. ఎవరికి ఓటేశారో ఎవరికీ తెలియదు, వేశారా లేదా అన్నది మాత్రం పబ్లిక్ రికార్డు. డబ్బూ సమయమూ తక్కువ ఉన్న అభ్యర్థి ఏం చేస్తాడు? ప్రైమరీకి తప్పకుండా వచ్చేవాళ్ల తలుపే కొడతాడు. ఒక వీధిలో వరసగా రెడ్డి, రావు, ప్రసాద్, శర్మ అని పేర్లుంటాయి, గడప మీద మామిడాకుల తోరణం కనబడుతూ ఉంటుంది, కానీ లిస్టులో ఆ ఇళ్లు ఉండవు. చివరన ఉన్న ముసలావిడ ఇల్లు ఒక్కటే ఉంటుంది. వాలంటీర్ మన ఇళ్లన్నీ దాటుకుంటూ ఆవిడ దగ్గరికి నడిచి వెళతాడు. మన పేర్లున్న ఇళ్లని అలా దాటుకుంటూ నడవడం నాకు చాలా కష్టంగా అనిపించేది. మనల్ని ఎవరూ పట్టించుకోరని మనం బాధపడతాం. పట్టించుకోవాల్సినవాళ్ల చేతిలో ఉన్న కాగితం మీద మనం లేం.

తెలుగు అభ్యర్థి అయినా అదే లిస్టు, అదే లెక్క. మన అభ్యర్థి కూడా మన తలుపు కొట్టలేని పరిస్థితి తెచ్చాం.

ఇక డబ్బు. దీని మీద మన వాట్సాప్ గ్రూపుల్లో నడిచే మాట ఏమిటంటే, అమెరికాలో డబ్బున్నవాడే గెలుస్తాడని. సగం నిజం. మేరీలాండ్ 8వ డిస్ట్రిక్ట్, 2016. తొమ్మిది మంది డెమొక్రాట్లు పోటీ. వైన్ షాపుల చైన్ యజమాని డేవిడ్ ట్రోన్ సొంత జేబులోంచి కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా పెట్టారు. గెలిచింది జేమీ రాస్కిన్, ఒక లా ప్రొఫెసర్, స్టేట్ సెనేటర్. అదే పోటీలో కుమార్ బర్వే కూడా ఉన్నారు. అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభకి ఎన్నికైన మొట్టమొదటి భారతీయ అమెరికన్ ఆయన, 1990లోనే. ఆ గుంపులో ఆయనకి మన భాషలో చెప్పాలంటే డిపాజిట్ కూడా రాలేదు. పాతికేళ్లు శాసనసభలో పనిచేసిన మనిషిని కూడా నలుగురి మధ్య నలిగిపోయేలా చేయగలదు ఈ ప్రైమరీ.

రెండేళ్ల తర్వాత ట్రోన్ పక్క డిస్ట్రిక్ట్‌కి వచ్చారు. ఈసారి ఎదురు నిలిచింది మన అరుణ మిల్లర్. ఈవిడ గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

పుట్టింది హైదరాబాదులో, 1964లో. పుట్టింటి పేరు కాట్రగడ్డ. ఏడేళ్ల వయసులో ఇక్కడికొచ్చారు. సివిల్ ఇంజినీరింగ్ చదివి, మాంట్‌గోమరీ కౌంటీలో రోడ్లు, ట్రాఫిక్ చూసే ఇంజినీరుగా పాతికేళ్లు పనిచేశారు. 2000లో సిటిజన్‌షిప్ వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి 2010లో మేరీలాండ్ శాసనసభకి గెలిచారు. ఇక్కడున్న అమ్మాయిలూ, ఒక్కసారి వినండి. వకీలు కాదు, నాయకుడి కూతురు కాదు. కూడలి దగ్గర పాదచారులకి సిగ్నల్ ఎన్ని సెకన్లుండాలి లాంటి లెక్కలు చూసే శాఖ నుంచి వచ్చిన మనిషి.

2018లో మేరీలాండ్ 6వ డిస్ట్రిక్ట్ ఖాళీ అయింది. జాన్ డిలేనీ ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తానని వదిలేశారు. (ఈ డిలేనీ కూడా 2012లో అదే సీటుకి పార్టీ పెద్దలు అనుకున్న మనిషిని ప్రైమరీలో ఓడించి వచ్చినవారే.) ఆ డిస్ట్రిక్ట్ తీరు చిత్రం. ఒక కొస వాషింగ్టన్ శివార్లలో, జర్మన్‌టౌన్, గెయిదర్స్‌బర్గ్ వైపు. ఇంకో కొస పశ్చిమాన కొండల్లో గ్యారెట్ కౌంటీ దాకా. ఒకచోట మనలాంటివాళ్ల అపార్టుమెంట్లు, ఇంకోచోట బొగ్గుగనుల ఊళ్లు. ఎనిమిది మంది పోటీ. టీవీ పెడితే ట్రోన్ యాడ్, పోస్టు డబ్బా తెరిస్తే ట్రోన్ కార్డు. ఆయన ఈసారి కూడా కోటి డాలర్లు దాటించారు. మిల్లర్ చందాలు అడిగి, ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేశారు.

జూన్ 26న ఫలితం. ట్రోన్ 40 శాతం, మిల్లర్ 31 శాతం దగ్గర. మూడు, నాలుగు స్థానాల్లో ఉన్నవాళ్లకి చెరో పది శాతం. అదే రాత్రి న్యూయార్క్‌లో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ప్రైమరీలో అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జో క్రౌలీని ఓడించింది. తెల్లారి దేశమంతా ఆ అమ్మాయి గురించే మాట్లాడింది. మేరీలాండ్‌లో ఓడిన హైదరాబాదు ఆడపడుచు గురించి మన పేపర్లలో కూడా పెద్దగా రాలేదు. ఆ రెండు పోటీల్లో ఒక తేడా నాకు ముఖ్యం అనిపిస్తుంది. న్యూయార్క్‌లో ఉన్నది ఇద్దరే. ఉన్న నాయకుడు వద్దనుకున్న ప్రతి ఓటూ ఒకచోటే పడింది. మేరీలాండ్‌లో ట్రోన్ వద్దనుకున్నవాళ్లు అరవై శాతం మంది, కానీ ఆ ఓటు ఏడు ముక్కలైంది.

ఓట్ల చీలిక మనకి కొత్తేం కాదు. కానీ ఇక్కడ దాని తీవ్రత వేరు. 2018లోనే మసాచుసెట్స్ 3వ డిస్ట్రిక్ట్‌లో పది మంది పోటీ చేస్తే లోరీ ట్రాహన్ 22 శాతం లోపు ఓట్లతో టికెట్ తెచ్చుకున్నారు. రీకౌంటింగ్ తర్వాత తేలిన మెజారిటీ 145 ఓట్లు. నూట నలభై ఐదు! మన అపార్టుమెంట్ కాంప్లెక్స్‌లో వినాయక చవితికి అంతకంటే ఎక్కువమంది వస్తారు. టెక్సాస్‌లో పద్ధతి కాస్త నయం. సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ ఎన్నిక. ఆ ఏడాదే హ్యూస్టన్‌లో తొమ్మిది మంది రిపబ్లికన్ల మధ్య, అఫ్ఘానిస్తాన్‌లో కన్ను పోగొట్టుకున్న మాజీ సైనికుడు డాన్ క్రెన్‌షా రెండో స్థానంలోకి వచ్చింది 155 ఓట్ల తేడాతో. సొంత డబ్బు లక్షలకు లక్షలు కుమ్మరించిన అభ్యర్థిని దాటి వచ్చాడు. రెండో విడతలో దాదాపు 70 శాతంతో గెలిచాడు. ఆయన రాజకీయాలు మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. 155 ఓట్ల దగ్గర "గెలుస్తాడా?" అని అడిగినవాళ్లు ఎంతమందో ఆలోచించండి.

నా అభిప్రాయం దాచుకోను. ఐదో వంతు ఓట్లతో కాంగ్రెస్ సీటు చేతికి రావడం సరైన పద్ధతి కాదు. న్యూజెర్సీలోనూ రెండో విడత అయినా ఉండాలి, లేదా ఓటరు తన మొదటి ఎంపిక, రెండో ఎంపిక రాసే పద్ధతైనా రావాలి. మెయిన్ రాష్ట్రంలో 2018 నుంచి కాంగ్రెస్ ఎన్నికల్లో అలా నడుస్తోంది. అప్పుడు "వీడికి వేస్తే ఓటు వృథా" అన్న భయం లేకుండా మనసుకి నచ్చినవాళ్లకి వేయొచ్చు. అది వచ్చేదాకా ఉన్న పద్ధతిలోనే పని చేయాలి.

పద్ధతులు మారవని కూడా అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో అప్పటి కాంగ్రెస్ సభ్యుడు ఆండీ కిమ్ సెనేట్‌కి పోటీ చేస్తూ, కౌంటీ లైన్ రాజ్యాంగ విరుద్ధమని కోర్టుకెక్కారు. ఎదుటి అభ్యర్థి సాక్షాత్తూ గవర్నర్ భార్య. చాలా కౌంటీల పెద్దలు ఆవిడ వెనకే నిలిచారు. మార్చిలో ఆవిడ తప్పుకున్నారు. అదే నెల 29న జడ్జి జాహిద్ ఖురైషీ, డెమొక్రాట్ల ప్రైమరీలో ఆ లైన్ వాడొద్దని ఆర్డరిచ్చారు. 2025లో చట్టమే మారింది. ఇప్పుడు ఏ పదవికి ఆ పదవి అభ్యర్థులందరి పేర్లూ ఒకే గుంపుగా పడతాయి. సైబీరియా లేదు. 2014లో ఇదే బ్యాలెట్ ఉండి ఉంటే చివుకుల గారు గెలిచేవారని నేననను. అప్పటి పోటీ ఇంకోలా నడిచేదని మాత్రం గట్టిగా అంటాను.

ఇప్పుడు ఓడినవాళ్ల సంగతి. 7 శాతం తెచ్చుకున్న ఆ శాస్త్రవేత్త ఆండ్రూ జ్వికర్ మరుసటి ఏడాదే, 2015లో, 16వ డిస్ట్రిక్ట్ నుంచి అసెంబ్లీకి నిలబడ్డారు. రిపబ్లికన్ల కంచుకోట అది. 78 ఓట్లతో గెలిచారు. 2021లో స్టేట్ సెనేట్‌కి గెలిచారు. ఆయన కంటే ముందు అదే ల్యాబ్ నుంచి వచ్చిన రష్ హోల్ట్ కూడా 1996లో ప్రైమరీలో ఓడిపోయి, 1998లో గెలిచారు. 2000లో ఆయన సీటు నిలబడింది 651 ఓట్ల మీద. మన అరుణ మిల్లర్ 2022లో గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్‌తో కలిసి పోటీ చేసి, 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. 2018లో గ్యారెట్ కొండల దాకా తిరిగిన తిరుగుడు, పోగుచేసుకున్న పరిచయాలు ఎక్కడికీ పోలేదు. మరి ట్రోన్? 2024లో సెనేట్ టికెట్ కోసం ఆరు కోట్ల డాలర్లు దాటించి కూడా ఏంజెలా ఆల్సోబ్రూక్స్ చేతిలో ఓడిపోయారు.

అందరికీ ఇలా జరగదు. చాలామంది ఒక్కసారి నిలబడి, ఉన్న డబ్బు పోగొట్టుకుని, ఇంట్లోవాళ్ల చేత మాటలు పడి, మళ్లీ ఉద్యోగాల్లోకి వెళ్లిపోతారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. నేను వాళ్లని కూడా గౌరవిస్తాను. పది మంది వేదిక మీదుంటే, గెలిచే ఆశ లేని ఆ పదో మనిషే ఒక్కోసారి గ్రీన్ కార్డు క్యూ గురించి, ఇన్సులిన్ ధర గురించి సూటిగా అడుగుతాడు. మిగతా తొమ్మిది మందీ జవాబు చెప్పక తప్పదు.

కాబట్టి అలాంటి మనిషి మన దగ్గరికొచ్చినప్పుడు అడగాల్సింది వేరు. ఈ డిస్ట్రిక్ట్‌లో ఎక్కడ తిరిగావు? ఎవరితో మాట్లాడావు? ఫలానా బిల్లు మీద నీ మాటేమిటి? తెలుగువాడైనంత మాత్రాన ఓటేయమని నేను చెప్పను. తెలుగువాడు కాకపోయినా మంచివాడైతే వదులుకోవద్దని కూడా చెబుతాను.

ఇక పనికొచ్చే విషయాలు, త్వరగా. ముందుగా హెచ్-1బీ మీదున్న పిల్లలకి: మీరు ఏ అభ్యర్థికీ చందా ఇవ్వకూడదు. అది నేరం. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పనిచేయొచ్చు. గ్రీన్ కార్డున్నవాళ్లు చందా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. లైసెన్సు ఆఫీసులో ఎవరో ఓటరు ఫారం ముందుకి తోస్తే సంతకం పెట్టేయకండి. సిటిజన్ కాకుండా ఓటరుగా నమోదైతే దేశం వదలాల్సి వచ్చేంత తంటా.

సిటిజన్లకి: ప్రైమరీకి 21 రోజుల ముందే ఓటరుగా నమోదై ఉండాలి. ఇప్పటిదాకా ఏ పార్టీ పేరూ రాయనివాళ్లు ఆ రోజు పోలింగ్ దగ్గరే పార్టీ చెప్పి ఓటేయొచ్చు. ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారాలంటే మాత్రం 55 రోజుల ముందే ఫారం ఇవ్వాలి. మేలో గుర్తొస్తే లాభం లేదు. ఇంకొకటి, 2026 నుంచి ఈ రాష్ట్రంలో నవంబరు ఎన్నిక నాటికి 18 నిండే పిల్లలు 17 ఏళ్లకే ప్రైమరీలో ఓటేయొచ్చు. మీ ఇంట్లో హైస్కూల్ సీనియర్ ఉంటే ఈ రాత్రే కూర్చోబెట్టి మాట్లాడండి.

ఫారాలు తలుపు పక్క టేబుల్ మీద ఉన్నాయి. పార్టీ మార్చుకునేది వేరు, కొత్తగా నమోదయ్యేది వేరు, కలిపేయకండి. నింపడం తెలియకపోతే ఆ పసుపు చొక్కా అబ్బాయిని అడగండి. ఇప్పుడు ప్రశ్నలు. ముందు అమ్మగారు చెయ్యెత్తారు, మైకు అటివ్వండి.